ఏడో నంబరు షరీఫ్

2003 జూన్ 12, గురువారం

ఈశ్వరప్ప మిల్లుకు పిలిపించాడు. కళ్యాణదుర్గంలో ఎక్కడ ఎదురుపడినా నన్ను చూడనట్టు పోయే మనిషి ఇవాళ కుర్చీ వేయించి టీ తెప్పించాడు. ఈ డైరీ కూడా ఆయన ఇచ్చిందే. మిల్లు పేరు, అట్ట మీద వేరుశనగకాయల బొమ్మ. సగం సంవత్సరం అయిపోయాక ఇచ్చిన డైరీ కాబట్టి వృథా చేయకూడదని రాస్తున్నాను. ఎవరికీ చూపించను.

మిల్లు వెనక కాయలు ఆరబోసే గచ్చు చూపించాడు. రెండేళ్లుగా వానల్లేక ఆ గచ్చు మీద ఒక్క కాయ పడలేదు.

"ఏమప్పా తిమ్మప్పా, ఈడ బాస్కెట్‌బాల్ ఆడిచ్చేకి అయితాదా?"

"ఎందుకన్నా?"

"సీమ క్లబ్బుల లీగ్ అని పెడతాండారు. ఎనిమిది టీములు. మనమూ ఒకటి కడదాం. పిల్లోళ్లకు నెల నెలా జీతమిచ్చి మిల్లులోనే పెట్టుకుందాం. అన్నం మనదే. నువ్వు కోచ్‌గా ఉండు. ప్లే ఆఫ్‌కు పోవల్ల, పేపర్లో పడల్ల."

వచ్చే ఏడు ఎలక్షన్లు. ఏ పార్టీ నుంచో ఆయనకే ఇంకా తేలలేదు గాని, నిలబడడం మాత్రం ఖాయం. నాకు అదంతా అనవసరం. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పంద్రాగస్టు కవాతు చేయిస్తున్నాను. నా చేతికి ఒక జట్టును ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడిచ్చారు.

ఇంట్లో చెప్తే వనజాక్షి బియ్యం ఏరుతూనే, "ఆయప్ప ఏదీ ఊరికే చెయ్యడు, మీరు ఊరికే చేసేది మానరు" అంది. మా ఆవిడకు ఆటలంటే గిట్టదు.

జూన్ 22, ఆదివారం

సెలక్షన్లకు అరవై మూడు మంది వచ్చారు. బెళుగుప్ప నుంచి, గుమ్మఘట్ట నుంచి కూడా. అందులో సగం మంది బంతి అంటే పువ్వనుకునేలా ఉన్నారు. మూడు పూటలా తిండి పెడతారట అని విని వచ్చారు. రానీ. ఆకలి ఉన్నవాడు పరుగెత్తుతాడు.

కంబదూరు నుంచి ఎర్రన్న అనేవాడు వచ్చాడు. బోరు బండి మీద పనిచేస్తాడు. ఆరడుగుల నాలుగంగుళాలు. బంతి ఎప్పుడూ ముట్టుకోలేదు. పరవాలేదు, ఎత్తు నేను నేర్పలేను గాని మిగతాది నేర్పగలను.

షరీఫ్ కూడా వచ్చాడు. నా దగ్గర పదో తరగతి దాకా చదివినవాడే. ఆ మిల్లులోనే గోనెసంచులు కుట్టేవాడు, కాయలు లేక సంచులూ లేవు, పనీ లేదు. స్కూల్లో మాకున్న ఒకే ఒక బంతిని సాయంత్రం ఆరింటికి వాడి చేతిలోంచి లాక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఇరవై నాలుగు. బంతి వైపు చూడకుండానే ఎక్కడికి పంపాలో అక్కడికి పంపుతాడు. అది నేను నేర్పిందే.

జూలై 3, గురువారం

పన్నెండు మంది పేర్లు పంపాం. కెప్టెన్ షరీఫ్. మెయిన్ బజారు స్టూడియోలో అందరికీ గుర్తింపు కార్డుల ఫొటోలు తీయించాను. ఆ మహానుభావుడు తీసిన ఫొటోల్లో పన్నెండు మందీ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నారు. షరీఫ్ ఫొటోలో గడ్డం తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

తిరిగి వస్తుంటే షరీఫ్ పక్కన నడుస్తూ అడిగాడు.

"సార్, ప్లే ఆఫ్ ఆడితే సర్టిఫికెట్ ఇస్తారంట గదా? అది ఉంటే రైల్వేలో స్పోర్ట్స్ కోటాకు అర్జీ పెట్టొచ్చంట."

"పెట్టొచ్చు."

"ఇరవై ఐదు దాటితే తీసుకోరంట సార్. నాకు వచ్చే జూన్‌కు నిండుతాయి."

అంటే వాడికి ఈ ఒక్క సీజనే ఉంది. నేను చూసుకుంటాలే అన్నాను. అనకుండా ఎలా ఉంటాం.

జూలై 19

పొద్దున ఐదున్నరకే గచ్చు మీద ఉంటున్నాం. తొమ్మిదయితే కాళ్లు కాలతాయి. పొద్దున రాగి సంగటి, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం రెండు గుడ్లు. ఎర్రన్న ఏడు గుడ్లు తిన్నాడని వంటమనిషి ఫిర్యాదు. తిననీ. ఇవాళ మొదటిసారి బంతి కింద పడకుండా పట్టుకున్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

మొదటి మ్యాచ్. కర్నూలులో. 81–34. ముప్పై నాలుగు మాది.

ఆగస్టు 17

ఓడాం.

ఆగస్టు 24

ఓడాం. ఈశ్వరప్ప ఫోన్ చేశాడు. నేను ఇంట్లో లేనని వనజాక్షి చేత చెప్పించాను. చెప్పి ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది.

ఆగస్టు 31

ఓడాం. ఇక్కడే, మన గచ్చు మీదే. కాయలు ఆరబోసుకున్నా లాభముండేదని ఎవరో వెనక నుంచి అన్నారు. కాయలు ఎక్కడున్నాయిరా, ఆరబోయడానికి.

సెప్టెంబరు 3, బుధవారం

ఇవాళ ప్రాక్టీసు తర్వాత అందరం గచ్చు మీదే కూర్చున్నాం. షరీఫ్ ఒక మాటన్నాడు.

"సార్, వాళ్లు బాగా ఆడేది ఐదుమందే. మన పన్నెండు మందీ ఒక్కమాదిరే ఉండాం, గొప్పోడు ఎవుడూ లేడు. నాలుగు నిమిషాలకొకసారి ఐదుమందినీ మారుస్తాంటే? మొదటి నుంచీ కడదాకా ఉరికిచ్చల్ల వాళ్లను. ఊపిరి తీసుకునేకి ఇయ్యకూడదు."

నేను చాలాసేపు ఆలోచించాను. నిజానికి ఇది నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న ఆలోచనే. వాడి నోట వచ్చింది, అంతే.

సెప్టెంబరు 7, ఆదివారం

గెలిచాం. 58–51. మూడో క్వార్టరుకే అవతలివాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. కొలువులున్నవాళ్లు, పొట్టలున్నవాళ్లు. మావాళ్లు రెండేళ్ల కరువులో ఎండారు, వాళ్ల ఒంట్లో దాచుకోవడానికి ఏమీ లేదు. ఎర్రన్న పద్నాలుగు పాయింట్లు. నాకు ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవకూడదని నీళ్ల ట్యాంకు వెనక్కి పోయాను.

సెప్టెంబరు 14

గెలిచాం.

సెప్టెంబరు 21

గెలిచాం. ఈశ్వరప్ప గచ్చు పక్కన పేద్ద కుర్చీ వేయించుకున్నాడు. మిల్లు గోడకు బ్యానరు కట్టారు. దాని మీద ఆయన ముఖం ఉంది, కింద చీమల్లా జట్టు.

అక్టోబరు 5, ఆదివారం

గెలిచాం. నాలుగో క్వార్టరులో షరీఫ్ గచ్చు మీద పడ్డాడు. మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయింది. పసుపు అద్ది, గుడ్డ కట్టి మళ్లీ ఆడించాను. తనే ఆడతానన్నాడు.

అక్టోబరు 26

ఓడాం. పరవాలేదు. పట్టికలో ఐదో స్థానం. మొదటి నలుగురికే ప్లే ఆఫ్.

నవంబరు 9, ఆదివారం

రంజాన్ నెల. షరీఫ్ ఒక్కపొద్దులున్నాడు. మధ్యాహ్నం మూడున్నరకు మ్యాచ్, కడపలో. నీళ్లయినా తాగరా అన్నాను. వద్దు సార్ అన్నాడు. కోచ్‌గా గట్టిగా చెప్పాను. చేతులు కట్టుకుని విన్నాడు, తాగలేదు. జట్టు మొత్తం వాడి వైపే చూస్తోంది, నా వైపు ఎవడూ చూడడం లేదు.

62–60. చివరి నాలుగు పాయింట్లూ షరీఫ్‌వే. మ్యాచ్ అయ్యాక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎర్రన్న ఖర్జూరాలు పట్టుకుని పక్కన నిలబడి, మసీదు నుంచి పిలుపు వినిపించేదాకా ఎదురుచూశాడు.

నవంబరు 10

పేపర్లో వచ్చింది. జిల్లా పేజీలో పైన. "ఉపవాసంతో ఆడి గెలిపించిన షరీఫ్." వాడి గురించి పదహారు వాక్యాలు. నేను లెక్కపెట్టాను. కోచ్ అన్న మాట ఒక్కచోట ఉంది, పేరు లేదు. ఈ జట్టును ఎవరు తయారుచేశారో రాయాలన్న బుద్ధి విలేకరికి ఉండొద్దా?

కడుపు మండింది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని ఇది నా డైరీ కదా.

షరీఫ్ మోకాలు ఇంకా వాపుగా ఉన్నట్టుంది. జాగ్రత్తగా చూడాలి.

నవంబరు 26, బుధవారం

పండగ. షరీఫ్ అమ్మ మదీనాబీ జట్టు మొత్తానికి సేమియా పాయసం పంపింది. నాకు వేరే గిన్నెలో. అందరూ తిన్నారు. నాకు పంటి నొప్పి.

నవంబరు 30, ఆదివారం

చివరి లీగ్ మ్యాచ్ గెలిచాం. నాలుగో స్థానం. ప్లే ఆఫ్. ఆగస్టులో నాలుగు వరసగా ఓడిన జట్టు. సగటు వయసు ఇరవై. పిల్లలు నన్ను ఎత్తుకున్నారు. దించాక షరీఫ్‌ను ఎత్తుకున్నారు. వాణ్ణి దించకుండా బజారుదాకా తీసుకుపోయారు.

మోకాలు బాగా లేనివాణ్ణి అలా ఎత్తుకుని కుదపొచ్చా?

డిసెంబరు 4, గురువారం

ఈశ్వరప్ప మిల్లు ఆఫీసులో తలుపు వేసి మాట్లాడాడు.

"తిరుపతిలో సెమీస్, మల్లా కడపోళ్లే. రొండు పాయింట్లతో గెల్చినాము మొన్న. ఈసారి ఓడితే నా మొగం యాడ పెట్టుకోవల్ల? పెద్దోళ్లు చూసేకి వస్తాండారు. బెంగుళూరులో అభిలాష్ అని ఒకడున్నాడు. పెద్ద టీములకు ఆడతాడు. పిలిపిచ్చినా."

పేర్లు చేర్చే గడువు సెప్టెంబరులోనే అయిపోయిందన్నాను.

"తెల్సప్పా. మనోళ్లలో ఒకని కార్డు మీద ఆడ్తాడు. అందరూ చేసేదే. పేరు మనోనిది, ఆట వానిది. సర్టిఫికెట్ మనోనికే వచ్చాది. ఎవురికి నష్టం?"

నిజమే. ఇది కొత్తేమీ కాదు. గ్రామాల్లో వాలీబాల్ టోర్నమెంట్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. అయినా నేను చాలాసేపు ఒప్పుకోలేదు.

తర్వాత ఎవరి పేరు అనే మాట వచ్చింది. మా పన్నెండోవాడు చైతన్య సీజను మొత్తంలో ఆరు నిమిషాలు ఆడాడు. వాడి పేరు కూడా అనుకున్నాం. కానీ చైతన్యకు గడ్డం లేదు, అభిలాష్‌కు ఉందట. షరీఫ్ అయితే ఎత్తు, గడ్డం, ఫొటో అన్నీ సరిపోతాయి. కడపవాళ్లు వాడితో ఆడినా, వాళ్లకు గుర్తుండేది ఆ గడ్డం, ఏడో నంబరు బనీనే అనుకున్నాం. పైగా మోకాలు. ఈశ్వరప్పే షరీఫ్ పేరు ఖాయం చేశాడు.

డిసెంబరు 6, శనివారం

షరీఫ్‌కు చెప్పాను. ప్రాక్టీసు అయ్యాక, ఇద్దరమే ఉన్నప్పుడు. పొద్దున పది రౌండ్లు పరుగెత్తాడు, అందరికంటే ముందు. కొంచెం కుంటుతున్నాడనిపించింది.

"ఆయప్ప నా పేరుతో ఆడితే నేను యాడ కూర్చోవల్ల సార్?"

"బయట. జనంలో. టోపీ పెట్టుకో."

కాసేపు బంతిని చేతుల్లో తిప్పాడు.

"సెమీస్ ఒక్కటేనా సార్?"

"ఫైనల్ కూడా."

"మా యమ్మ తిరుపతికి వస్తానంటాంది, చూసేకి. రావద్దని చెప్తా." బంతిని చంకలో పెట్టుకున్నాడు. "సర్టిఫికెట్ నాకే గదా సార్?"

"పేరు నీదే కదరా."

"మీరు చెప్పినారంటే సరే సార్."

కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. సులువుగా అయిపోయింది. నేను పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. వాడికి కావలసింది ఉద్యోగం, ఆట కాదు. వాడి మేలు కోసమే.

డిసెంబరు 7

వాడి మేలు కోసమే.

డిసెంబరు 15

అభిలాష్ వచ్చాడు. బాగా ఆడతాడు. చాలా బాగా ఆడతాడు. తెలుగు రాదు, కన్నడం, ఇంగ్లీషు. మావాళ్లెవరూ వాడితో మాట్లాడడం లేదు. ఎర్రన్న వాడికి బంతి ఇవ్వకపోతే జట్టులోంచి తీసేస్తానని బెదిరించాను. షరీఫ్ ఏడో నంబరు బనీను వాడికి ఇచ్చాం. కొద్దిగా వదులైంది.

డిసెంబరు 20, శనివారం. తిరుపతి

జరిగింది వరసగా రాస్తాను.

సగం ఆట అయ్యేసరికి ముప్పై ఆరు, ఇరవై ఏడు. మనమే ముందు. అభిలాష్ ఒక్కడే పందొమ్మిది. విశ్రాంతిలో కడప జట్టు మేనేజరు ఫకృద్దీన్ సాబ్ మా బెంచి దగ్గరికి వచ్చాడు. పెద్దాయన, తెల్ల గడ్డం. ఆయనకు ఏ అనుమానమూ లేదు. రంజానులో నీళ్లు ముట్టకుండా తమ జట్టునే ఓడించిన కుర్రాణ్ణి ఆయన ఆ రోజు జనం రద్దీలో పలకరించలేకపోయాడట, పేపర్లో చదివాక ఒకసారి చేయి కలపాలనుకున్నాడట. ఏడో నంబరు దగ్గరికి పోయి సలాం చెప్పి, ఎవరబ్బాయివి, ఏ మొహల్లా మీది అని ఉర్దూలో అడిగాడు.

అభిలాష్ తల ఎత్తి "ఏన్ సార్?" అన్నాడు, కన్నడంలో.

ఆయన ఇంకోసారి మెల్లగా అడిగాడు. వీడు నా వైపు చూశాడు. సలాముకు బదులు చెప్పడం కూడా రాలేదు. పెద్దాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోపం కాదు, ఏదో పోగొట్టుకున్నట్టు ముఖం పెట్టి వెళ్లిపోయాడు.

గడ్డం చూశాం, ఎత్తు చూశాం, ఫొటో చూశాం. సాయిబుల పిల్లాడికి సలాం తెలిసుండాలన్నది మా ఇద్దరు తెలివైనవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

68–59. గెలిచాం. పది నిమిషాల్లో ఫిర్యాదు వెళ్లింది.

విచారణ పక్కనున్న స్కూల్లో, క్లాసు గదిలో. ముగ్గురు కమిటీవాళ్లు. ముందు ఈశ్వరప్పను పిలిచారు.

"నాకు ఆటల సంగతి తెల్దు సార్. పిల్లోళ్లకు ఇంత అన్నం పెడతాండా, అంతే. అంతా మాస్టరు చూసుకుంటాడు."

తర్వాత నేను. మీకు తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా, రాసివ్వమన్నారు. తెలిసి జరిగితే మీ స్కూలు పైవాళ్లకు కాగితం పంపుతాం, ఉద్యోగం సంగతి వాళ్లు చూసుకుంటారు అన్నారు. కాగితం ఇచ్చారు. పెన్ను నాదే.

"షరీఫ్ తన కార్డును వేరేవాడికి ఇచ్చిన సంగతి నాకు తెలియదు. మ్యాచ్ హడావిడిలో గమనించలేదు."

సంతకం పెట్టాను.

షరీఫ్‌ను జనంలోంచి పిలుచుకొచ్చారు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను రాసింది చదివి వినిపించి, నిజమేనా అని అడిగారు. వాడు నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "సార్‌కు తెల్దు సార్. నేనే ఇచ్చినా" అన్నాడు.

సెమీస్ కడపకు ఇచ్చేశారు. షరీఫ్ మూడేళ్లు ఏ టోర్నమెంటూ ఆడకూడదు, ఏ సర్టిఫికెటూ ఇవ్వరు. నాకు మందలింపు. అభిలాష్ మా లీగ్‌లో లేనే లేడు కాబట్టి వాడికి వేసే శిక్ష లేదు. సాయంత్రం బస్సుకే బెంగుళూరు పోయాడు.

డిసెంబరు 21

వాడు అలా ఎందుకన్నాడు? ఎవరైనా అలా చెప్పమన్నారా? నేను అడగలేదు కదా.

డిసెంబరు 22, సోమవారం

జట్టు మిల్లు ఖాళీ చేస్తోంది. ఎర్రన్న పెట్టె నెత్తిన పెట్టుకుని నా ముందు ఆగాడు.

"మీకు తెల్సు గదా సార్."

"ఏంరా?"

"అంతా తెల్సు మీకు." కంబదూరు బస్సెక్కి పోయాడు. బోరు బండికే పోతాడు. ఆరు నెలలు కష్టపడి తయారుచేశాను వాణ్ణి.

ఈశ్వరప్ప దగ్గరికి పోయి షరీఫ్‌కు ఏదైనా చేయమన్నాను. ఆయన ముఖం ముడుచుకున్నాడు.

"నన్నేమంటావప్పా? నేను ఆ చైతన్య కార్డు తీసుకుందామంటి. ఆ బెంగుళూరోనికి గడ్డం గీయించేకి ఎంతసేపు అంటి. నువ్వే గదా, వద్దన్నా, షరీఫ్ అయితే సరిపోతాడు, వాన్ని పక్కన పెట్టినా టీము నిలబడ్తాది, నేనుండా అంటివి."

గది బయట గుమాస్తా వింటున్నాడు.

సరే. రాస్తాను. షరీఫ్ పేరు చెప్పింది నేను. మోకాలికి ఏమీ లేదు. అక్టోబరు రెండో వారానికే మానిపోయింది. షరీఫ్ లేకుండా ఒక్క పెద్ద మ్యాచ్ గెలిస్తే, ఈ జట్టు ఎవరిదో అందరికీ తెలుస్తుందనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. వెతికాను.

2004 జనవరి 2

కమిటీకి ఉత్తరం రాశాను. నిజం మొత్తం. రెండు పేజీలు.

జనవరి 5

పోస్టు చేయలేదు. ఇంకా పదకొండేళ్ల సర్వీసు ఉంది నాకు.

జనవరి 9

ఈశ్వరప్ప ఫోన్ చేశాడు. వచ్చే సీజనుకు ముందే మొదలుపెడదామంటున్నాడు. ఈసారి పద్దెనిమిదేళ్లవాళ్లను తీసుకుందాం, చెప్పినట్టు వింటారు అన్నాడు. ఆలోచిస్తానన్నాను. వనజాక్షి వంటింట్లోంచి వింటోంది. ఉత్తరం నా చొక్కా జేబులో ఉన్నప్పుడే చదివిందని నాకు తెలుసు. ఉతకడానికి వేసే ముందు తీసి, మడిచి, బల్ల మీద పెట్టింది. అప్పటి నుంచి అన్నం పెట్టడం తప్ప నాతో మాట్లాడడం లేదు.

జనవరి 11, ఆదివారం

పొద్దున పదింటికి మదీనాబీ వచ్చింది. తిడుతుందనుకున్నాను. వీధిలో నిలబడి అరిస్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. వనజాక్షి చాప వేసింది. ఆమె చాప అంచున కూర్చుంది.

"షరీఫు గుమ్మఘట్ట పక్క క్వారీలో పనికి కుదురుకున్నాడు సార్. వచ్చేకి మొగం చెల్లక నన్ను పోయి రమ్మన్నాడు."

నేను చాప అంచు వైపు చూస్తూ కూర్చున్నాను.

"వాడు చేసినేది తప్పే సార్. బెంగుళూరోని దగ్గర దుడ్లు తీసుకోని కార్డు ఇచ్చినాడంట, నాతో వాడే చెప్పినాడు. చేతులారా చేసుకున్యాడు. నాలుగు దినాలు నేను వానితో మాట్లాడల్యా. సచ్చిపోతే బాగుండు అన్యా నోరుజారి, పండగ్గూడా కొత్తబట్ట తీసుకోకుండా నాకు చీర తెచ్చిన బిడ్డను."

వనజాక్షి గోడకు ఆనుకుని నిలబడింది.

"జన్మంతా ఆడనియ్యొద్దు అన్యారంట గదా సార్ ఆ పెద్దోళ్లు. మీరే కాళ్లావేళ్లా పడి మూడేండ్లకు తగ్గిచ్చినారంట. మా సార్ లేకుంటే జైల్లో ఏసుండేటోళ్లు అమ్మా, సార్‌ను ఎప్పుడూ ఒక్క మాట అనొద్దు అని చెప్పినాడు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అది నిజమే గదా సార్? వాడు నా మనసు నెమ్మదికి చెప్పిండ్లేదు గదా?"

వనజాక్షి నా వైపు చూస్తోంది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో అలా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చెప్పు అన్నట్టు చూసింది. ఒక్క మాట చెప్తే చాలు, ఆ తల్లికి కొడుకు తిరిగొస్తాడు.

"నిజమేనమ్మా" అన్నాను.

ఆమె వంగి నా కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయింది.